కఫీలు, వేనర్లు: ఓడలు కట్టిన ఒక కుటుంబం

అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం ఇంతమంది వచ్చి కూర్చున్నందుకు చాలా సంతోషంగా ఉంది.

పాల్ కఫీ పేరు మీలో కొందరు పిల్లల స్కూలు పుస్తకాల్లో చూసి ఉంటారు. ఫిబ్రవరిలో బ్లాక్ హిస్టరీ నెల వచ్చినప్పుడు ఒక పేజీ ఉంటుంది. ఒక నీడబొమ్మ, దాని కింద ఓడ, ఆ కింద నాలుగు వాక్యాలు. 1759లో పుట్టాడు, 1817లో పోయాడు. నల్లజాతి వ్యాపారి, ఓడల యజమాని, బడి కట్టించాడు, అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్‌ని కలిశాడు. అన్నీ నిజాలే. కానీ ఆ నాలుగు వాక్యాల్లో ఒక్క మనిషే కనిపిస్తాడు. ఆయన గురించి చదువుతున్నకొద్దీ నాకు ఆ ఇంటివాళ్లే ఎక్కువ కనిపించసాగారు. తండ్రి కొన్న పొలం, తల్లి తరఫు బంధువులు, అన్న జాన్, అక్క మేరీ, బావ మైకేల్ వేనర్, మేనల్లుళ్లు, అల్లుళ్లు. వీళ్లెవరూ లేకుండా ఆయన ఒక్కడే ఒక్క ఓడైనా నీళ్లలోకి దించగలిగేవాడని నేను అనుకోను. అందుకే ఈ రోజు ఆ ఇంటి గురించి మాట్లాడతాను.

ఇక్కడ బోస్టన్ చుట్టుపక్కల ఉంటున్న మనకి ఆ ఊరు కారులో గంట పైచిలుకు దూరం. పేరు వెస్ట్‌పోర్ట్. మసాచుసెట్స్‌కి దక్షిణపు కొసన, రోడ్ ఐలాండ్ సరిహద్దుకి ఆనుకుని ఉంటుంది. 1787 దాకా అది డార్ట్‌మత్ అనే పెద్ద టౌన్‌లో భాగం. నేను చెప్పబోయే సంగతుల్లో చాలావరకు డార్ట్‌మత్ పేరు మీదే నడుస్తాయి.

తండ్రి దగ్గర మొదలుపెడదాం. ఆయన పేరు కోఫీ. ఇప్పటి ఘనా ప్రాంతంలో అకాన్ ప్రజలు శుక్రవారం పుట్టిన మగపిల్లాడికి పెట్టే పేరు అది. చిన్నతనంలోనే ఆయన్ని పట్టుకుని ఓడెక్కించి న్యూ ఇంగ్లండ్‌కి తెచ్చారు. డార్ట్‌మత్‌లో ఎబెనేజర్ స్లోకమ్ అనే ఆసామి కొన్నాడు. ఈ స్లోకమ్‌లు క్వేకర్లు. మనుషులంతా దేవుడి ముందు సమానమని నమ్మే క్రైస్తవ శాఖ అది. ఆ శాఖవాళ్ల ఇళ్లలోనూ అప్పట్లో బానిసలుండేవారు. 1742లో ఎబెనేజర్ తన అన్నదమ్ముల కొడుకు జాన్ స్లోకమ్‌కి కోఫీని 150 పౌండ్లకి అమ్మాడు. ఆ అమ్మకానికి కాగితం ఉంది. ఒక మనిషి గురించి మనకి దొరికే మొదటి పత్రం ఆయన ధర రాసిన రసీదు కావడం ఎంత బాధాకరమో ఆలోచించండి.

1740ల నడుమ కోఫీ స్వేచ్ఛ పొందాడు. పేరు మాత్రం కఫ్ స్లోకమ్‌గానే ఉండిపోయింది. యజమాని ఇంటిపేరే బానిస ఇంటిపేరు అయ్యేది. విడుదలైనా అది వదిలేది కాదు. 1746లో ఆయన రూత్ మోజెస్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. రూత్ వాంపనోగ్. అంటే తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఆ తీరంలో, ఆ దీవుల్లో బతికిన ప్రజల బిడ్డ. అలా ఒక ఇంట్లో సముద్రం అవతలి నుంచి ఈడ్చుకొచ్చిన మనిషీ, కాళ్ల కింది నేలనే పోగొట్టుకున్న జాతి మనిషీ కలిశారు. పదిమంది పిల్లలు పుట్టారు. పాల్ ఏడోవాడు. కటీహంక్ అనే చిన్న దీవిలో 1759 జనవరి 17న పుట్టాడు.

కటీహంక్‌లో చెప్పుకోవాల్సింది ఒక పుస్తకం గురించి. అచ్చు పుస్తకం కాదు, కఫ్ స్లోకమ్ చేత్తో రాసుకున్న నోటుపుస్తకం. అది ఇప్పటికీ న్యూ బెడ్‌ఫర్డ్ పబ్లిక్ లైబ్రరీలో భద్రంగా ఉంది. బడి మొహం చూడని మనిషి, పెద్దయ్యాక తనంతట తానే అక్షరాలు దిద్దుకుని, చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషు రాశాడు. స్పెల్లింగులు చూస్తే చదవడం కష్టం, పైకి పలికితే అర్థమవుతుంది. ఎవరికి ఏ పని చేసిపెట్టాడు, ఎంత రావాలి అనే లెక్కలు అందులో ఉన్నాయి. తన శ్రమకి తాను లెక్క రాసుకోగలగడం అంతకుముందు ఆయనకి లేని హక్కు. స్వేచ్ఛ అంటే ఆయన చేతిలో మొదట ఎలా ఉందో ఆ పేజీల్లో తెలుస్తుంది. పనికి కూలీ, కూలీకి పద్దు, పద్దుకి సంతకం.

ఆ పద్దులు పేరుకుని పేరుకుని 1766 డిసెంబరులో భూమి అయ్యాయి. డార్ట్‌మత్‌లో 116 ఎకరాల పొలం కొన్నాడు. 650 స్పానిష్ వెండి డాలర్లు ఇచ్చాడు. అప్పట్లో ఈ కాలనీల్లో నాణెంగా ఎక్కువ చెల్లేది ఆ స్పానిష్ డాలరే. ఇరవై నాలుగేళ్ల కిందట తనని 150 పౌండ్లకి అమ్మిన ఊరిలోనే, తన పేరు మీద రిజిస్టరైన పొలం. దాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

1772లో ఆయన పోయాడు. పొలాన్ని జాన్, పాల్ ఇద్దరికీ రాసి, వాళ్ల అమ్మనీ ఆడపిల్లలనీ చూసుకునే బాధ్యత వాళ్ల మీద పెట్టాడు. పాల్‌కి అప్పుడు పదమూడేళ్లు. అదే ఏడాది అక్క మేరీకి మైకేల్ వేనర్‌తో పెళ్లయింది. ఈ బావ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ వస్తాడు.

తండ్రి పోయిన కొన్నేళ్లకి పిల్లలు ఒక నిర్ణయం తీసుకున్నారు. స్లోకమ్ అనే పేరు వదిలేశారు. తండ్రి సొంత పేరునే ఇంటిపేరు చేసుకున్నారు. కోఫీ అన్నది ఇంగ్లీషు నాలుకల మీద కఫీ అయింది. దీనికి పెద్దన్నల కంటే పాల్ పట్టుదలే ఎక్కువని చెబుతారు. ఇంటిపేరు మార్చుకోవడం ఎంత పెద్ద సంగతో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మనలో పెళ్లయిన ఆడవాళ్లకి తప్ప మిగతా ఎవరికీ ఆ అనుభవం ఉండదు. వీళ్లు మాత్రం కొన్నవాడి పేరు తీసేసి, కన్నవాడి పేరు పెట్టుకున్నారు.

ఇక సముద్రం. పాల్ పద్నాలుగేళ్లకే తిమింగలాల వేట ఓడెక్కాడు. 1776లో, స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా, ఆయన ఎక్కిన ఓడని బ్రిటిష్‌వాళ్లు పట్టుకున్నారు. న్యూయార్క్‌లో మూడు నెలలు ఖైదులో పెట్టారు. వదిలాక ఇంటికొచ్చి పొలం చేస్తూ, నౌకాయాన లెక్కలు నేర్చుకున్నాడు. అక్షాంశం, సూర్యుడి ఎత్తు, దిక్సూచి, అన్నీ సొంతంగానే. 1779లో అన్న డేవిడ్‌తో కలిసి చిన్న పడవ కట్టి, బ్రిటిష్ నౌకల కాపలా తప్పించుకుంటూ దీవులకి సరుకు చేరవేయాలని బయల్దేరాడు. దోపిడీ దొంగల భయానికి డేవిడ్ వెనక్కొచ్చేసి పొలం పనిలో పడ్డాడు. అందులో తప్పేమీ లేదు. ఇంట్లో పదిమంది ఉంటే పదిమందికీ సముద్రం పడదు. పాల్ వదల్లేదు. దొంగలు పడవ ఖాళీ చేసినా, మళ్లీ సరుకేసుకుని నాన్‌టకెట్ వైపు వెళ్లాడు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగానికి వస్తున్నాను. 1780.

యుద్ధం నడవాలంటే డబ్బు కావాలి. టౌన్ పన్నులు వేస్తోంది. జాన్, పాల్ పేర్లకి కూడా పన్ను పడింది. పొలం ఉంది కాబట్టి పన్ను ఉంది. ఓటు మాత్రం లేదు. బ్రిటన్ పార్లమెంటులో మాకు ప్రతినిధి లేడు, మేం పన్ను కట్టం అని బోస్టన్‌లో తేయాకు సముద్రంలో పారబోసి అప్పటికి ఆరేళ్లు దాటింది. అదే మాట ఇప్పుడు ఈ అన్నదమ్ములు అన్నారు. 1780 ఫిబ్రవరి 10 తేదీతో, డార్ట్‌మత్‌లోని మరో ఐదుగురు నల్లజాతివాళ్లతో కలిసి, మసాచుసెట్స్ శాసనసభకి ఒక అర్జీ పెట్టారు.

ఆ అర్జీలో మొదటి వాదన ఏమిటో చూడండి. మేం చాలాకాలం బానిసత్వంలో ఉన్నాం కాబట్టి మా కష్టఫలం మాకు దక్కలేదు, తెల్లవాళ్లలాగా తల్లిదండ్రుల నుంచి ఆస్తి సంక్రమించే అదృష్టమూ మాకు లేదు అన్నారు. మమ్మల్ని పన్ను అడిగేవాళ్లని ఎన్నుకోవడంలో మాకు మాట లేదు అన్నారు. ఆ పక్కనే, ఈ దేశం కోసం జరుగుతున్న యుద్ధంలో మా రంగువాళ్లు ఎంతమంది ఉత్సాహంగా దిగారో మీకందరికీ తెలుసు అన్నారు. ఆస్తి సంక్రమణ గురించి మాట్లాడగలగడం గమనించండి. ఆ ఏడుగురిలో జాన్, పాల్‌లకి తండ్రి నుంచి పొలం వచ్చింది. వాళ్లకి దొరికింది మిగతావాళ్లకి దొరకలేదని వాళ్లకి బాగా తెలుసు. అయినా అందరి తరఫునా రాశారు.

అర్జీ ఫలించలేదు. పన్ను కట్టలేదని డిసెంబరులో ఇద్దర్నీ టాంటన్ జైల్లో వేశారు. అప్పుడు వాళ్లు కోర్టుకి ఇంకో అర్జీ పెట్టారు. అందులో మేం ఇండియన్లం, అంటే అమెరికా స్థానిక తెగలవాళ్లం, చట్ట ప్రకారం ఇండియన్లకి పన్ను వర్తించదు అన్నారు. తెగ భూముల మీద ఉండే స్థానిక ప్రజలకి ఆ రోజుల్లో పన్ను ఉండేది కాదు. ఫిబ్రవరిలో నల్లవాళ్లుగా, డిసెంబరులో అమ్మ తరఫు వాంపనోగ్‌లుగా నిలబడ్డారన్నమాట.

ఇది చదివి కొందరు పండితులు ఇదొక ఎత్తుగడ అన్నారు. ఎత్తుగడ అయినా అబద్ధం మాత్రం కాదు. వాళ్లు కోఫీ కొడుకులు, రూత్ కొడుకులు కూడా. ప్రభుత్వం ఒక్కో కాగితంలో ఒక్కో గడి పెట్టి, నువ్వు ఇందులోనే ఉండాలి అంటే, ఆ గడిలో సగం మాత్రమే పట్టే మనుషులు ఇంకేం చెయ్యాలి? నా దృష్టిలో ఆ ఇంటి చరిత్ర మొత్తంలో కీలకమైన ఘట్టం ఇదే. అమ్మ వంశాన్ని కాగితం మీద పెట్టింది జైల్లో ఉన్న ఈ ఇద్దరు కొడుకులే. రూత్ అప్పటికి బతికే ఉంది. 1787 దాకా ఉంది.

1781లో రాజీ కుదిరింది. 8 పౌండ్ల 12 షిల్లింగులు కట్టి బయటపడ్డారు. అదే ఏడాది జాన్, పాల్ టౌన్ సభకి ఒక ప్రశ్న పంపారు. స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లకీ మిశ్రమ జాతివాళ్లకీ ఈ టౌన్‌లో తెల్లవాళ్లతో పాటు అన్ని హక్కులూ ఉన్నాయా లేదా, ఓటుతో తేల్చండి అని. ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. 1778లో మసాచుసెట్స్ ఒక రాజ్యాంగం ముసాయిదా తయారుచేసింది. అందులో నీగ్రోలకీ ఇండియన్లకీ మిశ్రమ జాతివాళ్లకీ ఓటు లేదని రాశారు. ప్రజలు దాన్ని తిరస్కరించారు. 1780లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో ఓటుకి ఆస్తి అర్హత ఉంది, రంగు ప్రస్తావన లేదు. అది ఈ ఏడుగురి అర్జీ వల్లే జరిగిందని కొన్నిచోట్ల రాస్తారు. అంత దూరం నేను వెళ్లను. కానీ రాజ్యాంగం రాసుకుంటున్న సమయంలో, అందులో ఎవరెవరు ఉండాలో గట్టిగా అడిగినవాళ్లలో ఒక మాజీ బానిస కొడుకులు ఉన్నారు. అది మాత్రం కచ్చితం.

1783 ఫిబ్రవరిలో పాల్ ఆలిస్ పెక్విట్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడా స్థానిక తెగ మహిళే. ఏడుగురు పిల్లలు. పెళ్లయ్యాక వ్యాపారం పెరగడం మొదలైంది. ఇక్కడ బావ మైకేల్ వేనర్ వస్తాడు. మైకేల్ కూడా వాంపనోగే. పాల్ కంటే పదకొండేళ్లు పెద్ద. సముద్రం తెలిసినవాడు. బావా బావమరిది కలిసి వెస్ట్‌పోర్ట్ నది ఒడ్డున ఓడలు కట్టించడం మొదలుపెట్టారు. ఒక చిన్న ఓడకి మేరీ అని పేరు పెట్టారు. అక్క పేరే మరి.

ఆ మేరీ ఓడలో న్యూఫౌండ్‌లాండ్ పక్కన బెల్ ఐల్ జలసంధికి తిమింగలాల వేటకి వెళ్లారు. అక్కడున్న వేరే ఓడలవాళ్లు మొదట వీళ్లతో కలిసి పనిచెయ్యడానికి ఒప్పుకోలేదు. ఆ వేటలో ఒకరికొకరు సాయం చేసుకోవడం రివాజు. వీళ్లు ఒంటరిగా మొదలుపెట్టేసరికి, తిమింగలాలు బెదిరి చెదిరిపోతాయని ఆ ఓడలవాళ్లే దిగొచ్చి కలిశారు. ఆ ప్రయాణంలో పట్టినవాటిలో రెండింటిని పాల్ స్వయంగా ఈటె వేసి చంపాడు. నూనె, ఎముక తీసుకుని ఫిలడెల్ఫియా వెళ్లి, వాటికి బదులుగా ఇనుప సామాను తెచ్చి, తర్వాతి ఓడ రేంజర్‌కి వాడాడు. ఇదీ వాళ్ల పెట్టుబడి పద్ధతి. బ్యాంకు లేదు, అప్పు ఇచ్చే షావుకారు లేడు. ఒక ఓడ సంపాదన ఇంకో ఓడ అవుతుంది. రేంజర్ 69 టన్నులు, తర్వాత హీరో 162 టన్నులు, 1806లో ఆల్ఫా 268 టన్నులు, ఆ తర్వాత ట్రావెలర్ 109 టన్నులు. ఈ ఓడల్లో వాటాలు ఇంటివాళ్ల మధ్యే ఎక్కువగా తిరిగేవి. కొన్నిట్లో తెల్ల వ్యాపారులకీ భాగం ఉండేది. కెప్టెన్లుగా మేనల్లుళ్లు, ముఖ్యంగా మైకేల్ కొడుకు థామస్ వేనర్. సరుకేమో వ్యవసాయానికి వాడే జిప్సం, ఎండు చేప, మొక్కజొన్న, తిమింగలం నూనె. న్యూ బెడ్‌ఫర్డ్‌లో అల్లుళ్లతో కలిసి కఫీ అండ్ హోవర్డ్స్ అనే దుకాణం కూడా పెట్టారు. వ్యాపారం అంటే అప్పట్లో నమ్మకమే కదా. నల్లవాడి ఓడకి బీమా, అప్పు, సాక్ష్యం అన్నీ కష్టమైన చోట, నమ్మకం ఇంట్లోనే వెతుక్కోవాలి. మేనరికాల మీద వ్యాపారాలు నిలబెట్టిన ఊళ్ల నుంచి వచ్చిన మనకి ఇది తెలియని సంగతేం కాదు.

రేంజర్‌తో జరిగిన ఒక సంగతి చెప్పి ముందుకెళతాను. 1796 ప్రాంతంలో మేరీలాండ్‌లో నాంటికోక్ నది మీద వియన్నా అనే చిన్న రేవుకి మొక్కజొన్న కొనడానికి వెళ్లాడు. ఓడ దిగితే అందరూ నల్లవాళ్లే. కెప్టెన్ నల్లవాడు, నావికులు నల్లవాళ్లు. మేరీలాండ్ బానిసల రాష్ట్రం. ఊళ్లోవాళ్లకి ఒకటే టెన్షన్. ఈ మనుషుల్ని చూసి తమ బానిసలు ఏమవుతారో అని. వెళ్లగొట్టాలని చూశారు. పాల్ తన కస్టమ్స్ పత్రాలు తీసి బల్ల మీద పెట్టాడు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. కాదనడానికి చట్టం లేదు. సిబ్బందిని క్రమశిక్షణలో ఉంచాడు, అందరితో మర్యాదగా మాట్లాడాడు. కొన్ని రోజుల్లోనే అదే ఊరివాళ్లు ఇంటికి భోజనానికి పిలిచారు. 3,000 బుషెళ్ల మొక్కజొన్న వేసుకుని తిరిగొచ్చి మంచి లాభానికి అమ్మాడు. పత్రాల విషయంలో అంత జాగ్రత్త ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకైతే తెలిసినట్టే ఉంటుంది. అది లెక్కల పుస్తకం రాసుకున్న తండ్రి ఇల్లు. పన్ను కాగితాల కోసం జైలుకెళ్లిన ఇల్లు.

డబ్బు చేతికందాక పొలం కొన్నాడు. బావకీ ఒక పొలం దక్కేలా చేశాడు. 1797 ప్రాంతంలో బడి సంగతి వచ్చింది. ఊళ్లో పిల్లలకి బడి లేదు. పాల్ ఊరివాళ్లతో కలిసి కట్టాలని ప్రయత్నించాడు, వాళ్లలో వాళ్లకి కుదరలేదు. విసిగిపోయి తన స్థలంలో, తన డబ్బుతో బడి కట్టేసి, ఎవరి పిల్లలైనా రావచ్చన్నాడు. తెల్లవాళ్ల పిల్లలూ వచ్చారు, కఫీలూ వేనర్లూ వచ్చారు. అమెరికాలో నల్లపిల్లలూ తెల్లపిల్లలూ కలిసి ఒకే గదిలో కూర్చున్న తొలి బడుల్లో అది ఒకటి. 1808లో వెస్ట్‌పోర్ట్ క్వేకర్ సమాజం ఆయన్ని సభ్యుడిగా తీసుకుంది. తండ్రిని కొన్నవాళ్ల సమాజమే అది. అయిదేళ్లకి అదే సమాజం ప్రార్థనా మందిరం కట్టుకుంటే దాదాపు సగం ఖర్చు ఈయన పెట్టాడు, పని కూడా దగ్గరుండి చూశాడు. ఆ మందిరం ఇప్పటికీ ఉంది.

ఇక ఆఫ్రికా. చాలామంది పాల్ కఫీ గురించి చదివేది ఇందుకే. నేను త్వరగా దాటేస్తాను, ఒక్క చోట తప్ప. బ్రిటిష్‌వాళ్లు విడుదలైన బానిసల కోసం ఏర్పాటుచేసిన సియెర్రా లియోన్‌తో వ్యాపారం పెడితే, బానిసల వ్యాపారానికి బదులు న్యాయమైన వ్యాపారం నిలబడుతుందని ఆయన నమ్మాడు. ట్రావెలర్‌ని మొత్తం నల్లజాతి సిబ్బందితో నడుపుకుంటూ 1811 మార్చి 1న ఫ్రీటౌన్ చేరాడు. అక్కణ్ణుంచి లివర్‌పూల్ వెళ్లాడు. 1812 ఏప్రిల్‌లో తిరిగొచ్చేసరికి బ్రిటన్‌తో వాణిజ్య నిషేధం నడుస్తోంది. ఓడనీ సరుకునీ అధికారులు పట్టుకున్నారు. నేరుగా వాషింగ్టన్ వెళ్లి మే 2న అధ్యక్షుడు మాడిసన్‌ని కలిసి విడిపించుకున్నాడు. తర్వాత యుద్ధం వచ్చింది. యుద్ధకాలంలో వెళ్లడానికి అనుమతి కోసం కాంగ్రెస్‌ని అడిగితే సెనేట్ ఒప్పుకుంది, ప్రతినిధుల సభలో 72కి 65 ఓట్లతో వీగిపోయింది. యుద్ధం ముగిశాక, 1815 డిసెంబరు 10న, 38 మందిని ఎక్కించుకుని బయల్దేరాడు. అందులో ఇరవై మంది పిల్లలు. ఖర్చులో ఎక్కువ భాగం తనదే.

నేను ఆగుతానన్న చోటు ఇదే. ఆలిస్ రానంది. పాల్ స్వయంగా రాసిన ఉత్తరాల్లో, నా భార్యకి తన నేల వదిలి రావడం ఇష్టం లేదు అనే అర్థం వచ్చే మాటలున్నాయి. భర్తకి ఆఫ్రికా తండ్రి పుట్టిన దేశం. ఆవిడకి ఆ తీరమే దేశం. ఆవిడ పూర్వీకుల ఎముకలు అక్కడే ఉన్నాయి. ఆఫ్రికాకి తిరిగి వెళ్దాం అనే మాట నల్లవాళ్లకి ఒక రకంగా వినిపిస్తుంది, వాంపనోగ్ మహిళకి ఇంకో రకంగా వినిపిస్తుంది. ఎన్నో పుస్తకాల్లో ఇది ఒక వాక్యంలో తేలిపోతుంది. నాకైతే ఈ కథలో ఆలిస్ నిర్ణయం పాల్ ప్రయాణాలంత బరువైనది. ఆయన కూడా ఆవిడని బలవంతపెట్టలేదు. తానూ అక్కడ స్థిరపడలేదు. తిరిగొచ్చి వెస్ట్‌పోర్ట్‌లోనే ఉన్నాడు.

రెండేళ్లు తిరక్కుండానే, 1817 జనవరిలో, ఫిలడెల్ఫియాలో ఆయన మిత్రుడు జేమ్స్ ఫోర్టెన్ నడిపిన సభలో దాదాపు 3,000 మంది నల్లవాళ్లు, మేం ఈ దేశం వదిలి వెళ్లం అని ముక్తకంఠంతో చెప్పారు. నల్లవాళ్లని బయటికి పంపించేయడానికి అప్పుడే ఒక సంఘం పుట్టింది. అందులో బానిస యజమానులు కూడా ఉన్నారు. పాల్ ఊహించిందీ వాళ్లు కోరిందీ వేర్వేరని సభకి తెలుసు. ఫోర్టెన్ ఆ సంగతంతా ఉత్తరం రాసి పాల్‌కి పంపాడు. దానికి జవాబు వెతుక్కునేలోపే, సెప్టెంబరు 7న పాల్ పోయాడు. 58 ఏళ్లు. దాదాపు 20,000 డాలర్ల ఆస్తి మిగిలింది. మైకేల్ వేనర్ అంతకు రెండేళ్ల ముందే వెళ్లిపోయాడు.

మీలో ఎవరైనా ఈ ఎండాకాలంలో ఆ వైపు వెళ్తే, కొన్ని పనికొచ్చే సంగతులు చెబుతాను. వెస్ట్‌పోర్ట్‌లో క్వేకర్ మందిరం పక్క శ్మశానంలో ఆలిస్ సమాధి, పాల్ సమాధి ఉన్నాయి. రోడ్డు వైపు గ్రానైట్ స్మారకం 1913లో ముని మనవడు హొరేషియో హోవర్డ్ పెట్టించాడు. అంటే ఆ స్మారకం కూడా ఇంటివాళ్ల పనే, ప్రభుత్వానిది కాదు. డ్రిఫ్ట్ రోడ్డు మీద ఒక పాత ఇంటిని పాల్ కఫీ ఫార్మ్ అని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. ఆ తర్వాత స్థానిక చరిత్రకారులు దస్తావేజులు వరసగా తిరగేసి, ఆయన సొంత స్థలం అది కాదని, అదే రోడ్డు మీద ఇంకోచోట ఉందని తేల్చారు. కాబట్టి ఆ ఇంటి ముందు ఫోటో దిగేముందు అక్కడి హిస్టారికల్ సొసైటీలో అడగండి. వాళ్లు ఓపిగ్గా చూపిస్తారు. కఫీ, వేనర్ వంశాలవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ పరిశోధనలో వాళ్ల చెయ్యీ ఉంది. న్యూ బెడ్‌ఫర్డ్ లైబ్రరీలో పాల్ ఉత్తరాలు, లాగ్‌బుక్కులు, కఫ్ స్లోకమ్ నోటుపుస్తకం ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్తే ముందు ఆ నోటుపుస్తకం గురించి చెప్పి, తర్వాత ఓడల గురించి చెప్పండి. ఆ వరసలో చెబితేనే వాళ్లకి బాగా ఎక్కుతుంది.

నా దగ్గర సమయం అయిపోయింది. ఓడల వాటాల గురించి, అర్జీ గురించి ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి. మైకు అటువైపు ఇస్తున్నాను.